జీఎస్టీ పోయింది, ప్రీమియం మాత్రం పెరిగింది. అమ్మానాన్నల పాలసీ ఉంచాలా, వదిలేయాలా?

తెనాలి అబ్బాయి:

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిక పట్టండి.

మా నాన్నకి 68, అమ్మకి 62. తెనాలిలో ఉంటారు, నేను హైదరాబాద్‌లో. ఇద్దరికీ కలిపి 5 లక్షల ఫ్లోటర్ పాలసీ ఆరేళ్ల కిందట తీసుకున్నాను. నిరుడు కట్టింది 48,498. అందులో అసలు ప్రీమియం 41,100, మిగతాది జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేస్తున్నారని టీవీలో రాగానే మా నాన్న లెక్క కట్టేశారు. ముప్పై ఏళ్లు బియ్యం కమీషన్ కొట్టులో గుమాస్తాగా చేసిన మనిషి. క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో వేసి, "ఒరేయ్, ఏడువేల మూడొందల తొంభై ఎనిమిది మిగులుతాయి. మీ అమ్మకి కళ్లజోడు మార్పిద్దాం" అన్నారు.

మొన్న రెన్యువల్ మెసేజ్ వచ్చింది. 52,600. జీఎస్టీ సున్నా. అంటే అసలు ప్రీమియమే 11,500 పెరిగింది, 28 శాతం. ఫోన్ చేస్తే కస్టమర్ కేర్ అమ్మాయి "సార్, నిరుటి మీద మీరు ఎక్కువ కట్టేది ఎనిమిదిన్నర శాతమే కదా" అంది. పన్ను లేచిన కుర్చీలో కంపెనీ కూర్చుందన్నమాట.

కోపానికి ఇంకో కారణం ఉంది. నిరుడు నాన్నకి హెర్నియా ఆపరేషన్ అయింది. బిల్లు 1,84,000, కంపెనీ ఇచ్చింది 1,31,000. "క్యాష్‌లెస్" అని పేరు, నేను మాత్రం 53,000 కార్డు గీకాను. డిశ్చార్జి రోజు పొద్దున తొమ్మిదికి డాక్టరు గారు వెళ్లొచ్చన్నారు. బయటపడేసరికి రాత్రి ఏడు. నాన్న చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుని, మంచం అంచున సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనం కూడా చేయలేదు, "ఇప్పుడే వెళ్లిపోతాం కదరా" అని.

ఇక అడిగేది: ఈ పాలసీ ఉంచాలా? లేక ఏటా ఈ యాభై రెండు వేలూ బ్యాంకులో వేసుకోవడం మేలా? వృద్ధులకి 10 శాతం మించి పెంచకూడదని రూల్ వచ్చిందన్నారు, అది ఉత్తదేనా?

కౌంటర్ అక్క:

తమ్ముడూ, నేను గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కులో పదకొండేళ్లుగా చేస్తున్నాను. ముందు 53,000 సంగతి చెబుతాను, ఎందుకంటే దాంట్లో సగానికి పైగా తప్పించుకోగలిగేదే.

మీ పాలసీలో గది అద్దె పరిమితి 1 శాతం అని ఉంటుంది చూడండి. 5 లక్షలకి రోజుకి 5,000. మీరు 7,500 గది తీసుకుని ఉంటారు. అందరూ అనుకునేది ఏమిటంటే, పైన ఉన్న 2,500 మనం కట్టుకుంటే సరిపోతుందని. సరిపోదు. గది ఖరీదైతే సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీ కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. ఆ రెండూ కలిపి 90,000 అయితే 60,000 మాత్రమే ఇస్తారు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఈ కోత వేయకూడదు. మీ సెటిల్‌మెంట్ లెటర్‌లో వాటి మీద కూడా వేశారేమో చూసుకోండి. వేసి ఉంటే వదలొద్దు.

డిశ్చార్జి ఆలస్యం గురించి నిజం ఒప్పుకుంటాను. డాక్టర్ గారు వెళ్లొచ్చన్నాక వార్డులో వాడని సిరంజిలు, సెలైన్లు ఫార్మసీకి తిరిగిస్తారు. రిటర్న్ నోట్ రావాలి. డిశ్చార్జి సమ్మరీ టైపు కావాలి, డాక్టర్ సంతకం కావాలి, అప్పటికి ఆయన వేరే ఆపరేషన్‌లో ఉంటారు. ఇవన్నీ అయ్యాకే మేము కంపెనీకి ఫైనల్ బిల్లు పంపేది. 2024 మే నెలలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం కంపెనీ 3 గంటల్లో తేల్చాలి. ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వేస్తే అది కంపెనీయే భరించాలి. కానీ ఆ గడియారం మేము బిల్లు పంపినప్పటి నుంచి తిరుగుతుంది, మీ నాన్నగారు చొక్కా వేసుకున్నప్పటి నుంచి కాదు.

అందుకే నాకు ఈ జీఎస్టీ చర్చ చూస్తే నవ్వొస్తుంది. బీమా కంపెనీల మీద ఐఆర్‌డీఏఐ ఉంది. మరి ఆసుపత్రి రేటు మీద ఎవరున్నారు? ఒకే ఆపరేషన్‌కి నగదు రేటు, బీమా రేటు, ఆరోగ్యశ్రీ రేటు అని మా కంప్యూటర్‌లోనే మూడు ఉంటాయి. 2017లో కేంద్రం గుండె రక్తనాళంలో వేసే స్టెంట్లకి గరిష్ఠ ధర పెట్టింది. లక్ష పైన పలికే మందుపూత స్టెంటు సుమారు 30,000కి దిగింది. మా దగ్గర ప్యాకేజీ అంత దిగలేదు. బిల్లులో మిగతా లైన్లు కాస్త లావయ్యాయి, అంతే. బిల్లు పెరిగినంత కాలం పన్ను తీసినా ప్రీమియం పెరుగుతుంది.

పాలసీ మాత్రం వదలొద్దు. వరసగా 5 ఏళ్లు దాటితే, మోసం నిరూపిస్తే తప్ప "మీరు పాత జబ్బు చెప్పలేదు" అని క్లెయిము తిరస్కరించడానికి లేదు. మీకు ఆరేళ్లయింది. ఇప్పుడు మానేసి రేపు కొత్తది తీసుకుంటే మళ్లీ మొదటి మెట్టు.

పాత మాస్టారు:

బాబూ, నాకు 73. ప్రీమియం కట్టడం ఎప్పుడో మానేశాను. 2024 అక్టోబరు చివర్లో 70 దాటినవాళ్లకి ఆయుష్మాన్ వయ వందన కార్డు మొదలైంది కదా, ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షలు. అది తీసుకున్నాను. మీ నాన్నగారికి ఇంకా రెండేళ్లే.

అయితే ఒకటి చెబుతాను. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు మా ఊళ్లో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చినవాణ్ని చూడటానికి జనం తిరునాళ్లకి వెళ్లినట్టు వెళ్లారు. అది నేను కళ్లారా చూశాను, తీసిపారేయను. కానీ ఆ డబ్బంతా ప్రైవేటు ఆసుపత్రులకి పోతుంటే పెద్దాసుపత్రిలో పడకలు పెరగలేదు. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. అప్పుడు కార్డు పట్టుకుని ఎక్కడికి పోతాం? మనం ప్రీమియం గురించి పోట్లాడుకుంటున్నాం గానీ ఏరియా ఆసుపత్రిలో స్కానింగ్ ఎందుకు పనిచేయడం లేదని ఎవరం అడగం. నేనూ అడగలేదు లెండి.

కౌంటర్ అక్క:

మాస్టారూ, మీరన్నది కాదనను. కానీ హెర్నియా ఉన్న మనిషి పడకలు పెరిగేదాకా ఆగలేడు కదండీ.

రెన్యువల్ రాజు:

నేను ఏజెంటుని, ముందే చెప్పేస్తున్నా, తిట్టుకోవద్దు. మా కమీషన్ కూడా తగ్గించారు.

10 శాతం రూల్ ఉత్తది కాదు. 2025 జనవరి చివర్లో వచ్చింది. 60 దాటినవాళ్లకి ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే ముందు ఐఆర్‌డీఏఐతో సంప్రదించాలి. అడక్కుండా పెంచకూడదు అనేదే గానీ, అసలు పెంచకూడదని కాదు. ఇక మీ కంపెనీ ఇందులో కొంత వయసు స్లాబు మారినందుకు అంటుంది. వయసుకి ఎంత, రేటు సవరణకి ఎంత అని విడదీసి ఈమెయిల్‌లో అడగండి. ఫోన్‌లో అడిగితే ఎనిమిదిన్నర శాతం పాటే పాడతారు.

జీఎస్టీ సంగతి: పన్ను ఉన్నప్పుడు కంపెనీలు తాము కట్టిన అద్దెల మీద, కమీషన్ల మీద జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకునేవి. పన్ను సున్నా అయ్యేసరికి ఆ క్రెడిట్ పోయింది. అది కొంత నిజమైన ఖర్చే. కానీ 28 శాతం మొత్తం దాని మీద తోసేస్తే నేనే ఒప్పుకోను.

జవాబు నచ్చకపోతే కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. నెలలో తేల్చకపోతే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి, అంటే బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి దగ్గరికి వెళ్లొచ్చు. మన రెండు రాష్ట్రాలకీ ఆఫీసు హైదరాబాద్‌లోనే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. హెర్నియా బిల్లులో వేసిన కోతకి ఇది బాగా పనికొస్తుంది. పోర్టింగ్, అంటే పాలసీని వేరే కంపెనీకి మార్చుకోవడం, కూడా ఆలోచించండి. పాత వెయిటింగ్ పీరియడ్, అంటే పాత జబ్బుల క్లెయిముకి ఇప్పటికే ఆగిన కాలం, కలిసొస్తుంది. కాకపోతే కొత్త కంపెనీ వద్దనే హక్కు ఉంది, 68 ఏళ్లకి వద్దనడానికే ఎక్కువ చూస్తారు. కాబట్టి అక్కడ సరే అనేదాకా ఇక్కడ వదలకండి.

తెనాలి అబ్బాయి:

అక్కా, సెటిల్‌మెంట్ లెటర్ తీసి చూశాను. మీరన్నట్టే ఉంది, గది 7,500. మందుల మీద కూడా మూడో వంతు కోశారు, 9,200. నాకు ఇన్నాళ్లూ తెలియలేదు. నాన్నకి ఫోన్‌లో చదివి వినిపిస్తే, "కొట్టులో నేనిలా లెక్క రాసి ఉంటే సాయంత్రానికి పని పోయేది" అన్నారు.

ఈమెయిల్ పెట్టాను, రెండు విషయాల మీదా. రెన్యువల్‌కి ఇంకా 50 రోజులుంది. పోర్టింగ్‌కి కూడా ఒక చోట అడుగుతున్నాను.

కౌంటర్ అక్క:

పోర్టింగ్ ఫారంలో హెర్నియా రాయండి. బీపీ మాత్రలు వేసుకుంటుంటే అవీ రాయండి. "అది జబ్బేంటి, మాత్రే కదా" అని మీ నాన్నగారు అంటారు, అందరూ అంటారు. మీరే దగ్గరుండి నింపండి.