ఫస్టియర్ అనాటమీ: పదాలు ముందు బట్టీ పట్టాలా, శరీరం చూసి నేర్చుకోవాలా?

హన్మకొండ అక్క:
మా చెల్లె ఈ ఏడు వరంగల్‌లో జీఎన్‌ఎం నర్సింగ్‌లో చేరింది. ఊళ్లో సర్కారు బడిలో తెలుగు మీడియం చదివిన పిల్ల. మొదటి వారంలోనే చేతికి పెద్ద జాబితా ఇచ్చారు. యాంటీరియర్, పోస్టీరియర్, మీడియల్, లాటరల్, హైపో, హైపర్, ఐటిస్, ఎక్టమీ... అన్నీ అప్పజెప్పినాకనే పాఠం మొదలుపెడతారట. రాత్రి చదివింది పొద్దుటికి సగం మర్చిపోతుంది. టెన్షన్‌తో అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. కెమిస్ట్రీ తెరిస్తే అక్కడ ఇంకో జాబితా. ఇట్లా ముందు పదాలు బట్టీ పట్టించడం సరైన పద్ధతేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ల్యాబ్ అన్న:
సరైనదే అక్కా. బట్టీ అనగానే తప్పు అనుకోవద్దు. వార్డులో డాక్టర్ గారు "హైపోగ్లైసీమియా" అంటే నిలబడి ఆలోచించే టైం ఉండదు. హైపో అంటే తక్కువ, హైపర్ అంటే ఎక్కువ. షుగర్ 70 కన్నా కిందికి పడిపోయిన మనిషికి వెంటనే గ్లూకోజు అందాలి. తారుమారుగా విని ఇన్సులిన్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. పైగా ఈ ముక్కలు వస్తే కొత్త పదాలు వాటంతట అవే విడిపోతాయి. ఐటిస్ అంటే వాపు అని తెలిస్తే హెపటైటిస్ లివర్‌ది, నెఫ్రైటిస్ కిడ్నీది, గ్యాస్ట్రైటిస్ కడుపుది. నాలుగు వారాలు కష్టపడితే మూడేళ్లు హాయిగా ఉంటుంది.

కాజీపేట ట్యూషన్:
ల్యాబ్ అన్నా, వార్డులో తడబడకూడదన్న మాట నూటికి నూరు పాళ్లు నిజం. కానీ తడబాటు పోయేది జాబితాతో కాదు. నేను నర్సింగ్, పారామెడికల్ పిల్లలకు చెప్తుంటాను. "లాటరల్ అంటే పక్కకు" అని గడగడా చెప్పిన పిల్లను చేతి బొటనవేలు లాటరలా, మీడియలా అని అడిగితే ఆగిపోతుంది. ఎందుకంటే ఆ పదాలన్నీ ఒక నిలబడే తీరు మీద ఆధారపడ్డాయి. నిటారుగా నిలబడాలి, ముఖం ముందుకు, చేతులు పక్కలకు, అరచేతులు ముందుకు. అట్లా నిలబడితే బొటనవేలు శరీరం మధ్య గీతకు దూరంగా ఉంటుంది, కాబట్టి లాటరల్. అరచెయ్యి వెనక్కి తిప్పితే బొటనవేలు తొడ వైపుకు వస్తుంది, అయినా పేరు మారదు. ఈ ఒక్క సంగతి ఒళ్లు కదిలించి చూపిస్తే రెండు నిమిషాలు పడుతుంది. చూపించకుండా వందసార్లు రాయించినా ఎక్కదు.

ఇంకోటి. "ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం" అని బడి నుంచి బట్టీ పట్టి వస్తారు. గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయే పల్మనరీ ఆర్టరీ దగ్గరికి వచ్చేసరికి అంతా కూలిపోతుంది, అందులో ఉండేది ఆక్సిజన్ తక్కువున్న రక్తమే కదా! గుండె బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి, గుండె నుంచి బయటికి తీసుకుపోయేది ఆర్టరీ, గుండెకు తెచ్చేది వెయిన్ అని చూపిస్తే ఆ చిక్కు అసలు రాదు.

నర్సింగ్ సెకండియర్, ములుగు:
సార్, మీరు చెప్పేది వినడానికి బాగుంది. పరీక్ష మాత్రం ఇంగ్లిష్‌లో రాయాలి. తెలుగులో రాసుకుంటే "ఇలియం" ఒకటే కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో అవి రెండు. మూడో అక్షరం ఐ అయితే తుంటి ఎముక పైభాగం, ఈ అయితే చిన్నపేగు చివరి భాగం. యురేటర్, యురెత్రా కూడా అంతే, ఒకటి కిడ్నీ నుంచి మూత్రాశయానికి, ఇంకోటి మూత్రాశయం నుంచి బయటికి. స్పెల్లింగ్ చెయ్యి తిరిగేదాకా రాయక తప్పదు. నేను అట్లనే గట్టెక్కిన.

పరకాల కెమిస్ట్రీ:
కెమిస్ట్రీ వైపు నుంచి నా మాట. కొన్ని బట్టీ పట్టాల్సిందే. పొటాషియానికి గుర్తు కె, సోడియానికి ఎన్‌ఏ. కేలియం, నేట్రియం అనే లాటిన్ పేర్ల నుంచి వచ్చాయి, ఏ బొమ్మ చూసినా అది తెలియదు. కానీ ఆ పేర్లు వస్తే హైపర్‌కేలీమియా అంటే రక్తంలో పొటాషియం ఎక్కువ, హైపోనేట్రీమియా అంటే సోడియం తక్కువ అని కూడా అర్థమవుతుంది. ఇక్కడ కాజీపేట సార్‌తో నేను ఏకీభవించను.

అయానూ, మోలూ (కణాలను లెక్కపెట్టే కొలత) అట్లా కాదు. సోడియం నీళ్లలో పడితే భగ్గుమంటుందని చదివిన పిల్ల, రక్తంలో సోడియం ఉంటుందని వినగానే తికమక పడుతుంది. పడాలి కూడా! సోడియం పరమాణువులో 11 ఎలక్ట్రాన్లు, ఒకటి పోతే అయాన్. రక్తంలో ఉండేది ఆ అయాన్, లోహం కాదు. సెలైన్ సీసా తీసుకోండి. 0.9 శాతం అంటే లీటరుకు 9 గ్రాముల ఉప్పు. ఉప్పు మోలార్ ద్రవ్యరాశి, అంటే ఒక మోల్ బరువు, 58.5 గ్రాములు, భాగిస్తే 154 మిల్లీమోల్స్. సీసా మీద సోడియం 154 అని అచ్చువేసి ఉంటుంది, చూసుకోమనండి. రక్తంలో సోడియం మామూలుగా 135 నుంచి 145. సొంతంగా లెక్క వేసిన పిల్ల మోల్ అంటే ఏంటో మర్చిపోదు. పొటాషియం క్లోరైడ్‌ను పలచన చేయకుండా నేరుగా సిరలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. అది ఎందుకో తెలియకుండా పేరు మాత్రమే తెలిసిన నర్సు నాకు భయం.

ల్యాబ్ అన్న:
క్లాసులో యాభై, అరవై మంది. చూపించడానికి ఒక్క అస్థిపంజరం, అది కూడా అద్దాల బీరువాలో తాళం వేసి ఉంటుంది. టీచర్ ఏం చేయాలి? జాబితా ఇవ్వక ఇంకేం ఇస్తారు?

కాజీపేట ట్యూషన్:
అన్నా, ప్రతి పిల్లకూ సొంత ఒళ్లు ఉంది కదా! మెడకూ భుజానికీ మధ్య వేలు పెడితే తగిలే బొక్క క్లావికల్. మోకాలి చిప్ప పటెల్లా. మోకాలి కింద ముందు తగిలే పదునైన బొక్క టిబియా. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు నాడి పట్టుకుంటే అది రేడియల్ ఆర్టరీ, అటువైపే ఉండే ఎముక రేడియస్, చిటికెనవేలి వైపుది అల్నా. మోచెయ్యి మణికట్టుకు ప్రాక్సిమల్, అంటే మొండేనికి దగ్గర; వేళ్లు డిస్టల్, అంటే మొండేనికి దూరం. దీనికి పైసా ఖర్చు లేదు, తాళంతో పని లేదు.

మీరు చెప్పిన హైపో సంగతి కూడా చెప్పాలి. జాబితాలో "తక్కువ" అని ఒకటే అర్థం రాస్తారు. హైపోడెర్మిక్ సూది అంటే చర్మం కిందికి పోయేది. హైపోకాండ్రియం అంటే పక్కటెముకల మృదులాస్థి కింది భాగం, కుడివైపు అక్కడే లివర్ ఉంటుంది. "తక్కువ" అని బట్టీ పట్టిన పిల్లకు ఇక్కడ ఏం అర్థం కావాలి? చెయ్యి పక్కటెముకల కింద పెట్టించి చెప్తే ఆ అర్థం కూడా తెలుస్తుంది. పరకాల సార్, గుర్తుల విషయంలో మీరన్నది ఒప్పుకుంటాను, అవి బట్టీయే.

హన్మకొండ అక్క:
అందరికీ థ్యాంక్స్. శనివారం ఆ జాబితా మీదనే టెస్ట్. అప్పటిదాకా ఏం చేయమంటారు?

కాజీపేట ట్యూషన్:
జాబితాను దిక్కులు, ఎముకలు, రోగాల పేర్లు అని మూడుగా విడదీయమనండి అక్కా. దిక్కులు అద్దం ముందు నిలబడి, ఎముకలు వేలితో తాకి. రోగాల పేర్లకు మాత్రం ల్యాబ్ అన్న చెప్పినట్టు ముక్కలు చేసి రాసుకోవాలి. మీరు ఎదురుగా కూర్చుని చెల్లె కుడిచెయ్యి ఏదని అడగండి. మీకు ఎడమవైపు కనిపించేదే ఆమె కుడి. ఎక్స్‌రే చూసినా అదే లెక్క, ఎప్పుడూ రోగి కుడి, రోగి ఎడమ.

నర్సింగ్ సెకండియర్, ములుగు:
అక్కా, ఆ ఇలియం రెండూ ఇంగ్లిష్‌లో పక్కపక్కన రాసి గోడకు అంటించమని చెప్పండి. మా టెస్టులో అది వచ్చింది.