చైనీస్ ప్రశ్నల్లో ప్రశ్నపదం నిజంగా కదులుతుందా?

సీతమ్మధార లెక్చరర్:
ఇంగ్లిష్‌లో 'హూ డు యూ లైక్?' అన్నప్పుడు 'హూ' వాక్యం మొదటికి వస్తుంది. చైనీస్‌లో 'నీ షీహ్వాన్ షేయ్?' అంటారు. 'షేయ్' అంటే ఎవరు. అది కర్మ ఉండే చోటే ఉంటుంది. అక్కడా కదలిక ఉంది, కాకపోతే చెవికి అందని అర్థస్థాయిలో జరుగుతుంది అని భాషాశాస్త్రవేత్త జేమ్స్ హువాంగ్ 1982లో ఎంఐటీ సిద్ధాంత గ్రంథంలో వాదించారు. ప్రశ్నపదం ప్రతి భాషలోనూ కదులుతుందన్న సిద్ధాంతాన్ని కాపాడుకోవడానికి చేసిన కల్పనలా లేదూ?

గాజువాక రీసెర్చ్ స్కాలర్:
మేడమ్, ఆ మాట ఒప్పుకోలేను. 'జాంగ్‌సాన్ జిర్‌దావ్ షేయ్ మాయ్-ల షూ' అన్న ఒక్క వరుసకే రెండు అర్థాలు. 'ఎవరు పుస్తకం కొన్నారో జాంగ్‌సాన్‌కు తెలుసు' అన్నది ఒకటి, 'ఎవరు పుస్తకం కొన్నారని జాంగ్‌సాన్‌కు తెలుసు?' అన్నది రెండోది. మనకు 'ఓ', 'అని' ఆ తేడా చూపిస్తాయి. చైనీస్‌లో అవి లేవు. అక్కడ 'తెలుసు' తీసేసి 'నమ్ముతున్నాడు' అనే క్రియ పెడితే రెండో అర్థమే మిగులుతుంది. ఇంగ్లిష్‌లో 'హూ' ఏ ఉపవాక్యం ముందు నిలబడితే ప్రశ్న అంతవరకు. చైనీస్‌లోనూ అదే లెక్క నడుస్తోంది, పైకి కనబడదంతే.

మద్దిలపాలెం పాఠకుడు:
ప్రశ్నకు పరిధి ఉందంటే కదలిక ఉన్నట్టేనా? 1967లో భాషాశాస్త్రవేత్త రాస్ చూపించిన 'ద్వీపాలు', అంటే ప్రశ్నపదం బయటికి కదలలేని వాక్యభాగాలు, గుర్తు చేసుకోండి. 'వాట్ డిడ్ యూ మీట్ ద మ్యాన్ హూ రోట్?' ఇంగ్లిష్‌లో చెల్లదు. చైనీస్‌లో 'నీ మాయ్-ల షేయ్ షియె-ద షూ?' నిక్షేపంగా చెల్లుతుంది. మనమూ 'ఎవరు రాసిన పుస్తకం కొన్నావు?' అని జగదాంబ దగ్గర ఏ షాపు ముందైనా అడుగుతాం. కదిలేదే అయితే ఇక్కడ ఇరుక్కుపోవాలి కదా. 'షేయ్'ని ఉన్నచోటే ఉంచి, వాక్యం అంచున ఉన్న ప్రశ్న గుర్తుతో ముడివేస్తే సరిపోతుంది.

గాజువాక రీసెర్చ్ స్కాలర్:
'ఎవరు' వరకు మీ మాట నిలుస్తుంది సర్. ఇప్పుడు 'ఎందుకు' పెట్టి చూడండి. 'అతను ఎందుకు రాసిన పుస్తకం కొన్నావు?' అని రాసిన కారణం అడగబోతే నాకు నోరు తిరగదు. ('ఎందుకు పనికొచ్చే పుస్తకం' వేరు, అక్కడ కారణం అడగడం లేదు.) 'ఎందుకు' అనే చైనీస్ పదం 'వెయ్‌షన్‌మ' కూడా సరిగ్గా అక్కడే చెల్లదు. హువాంగ్ వాదనలో నాకు అన్నిటికంటే బలంగా కనిపించేది ఇదే. అసలు కదలికే లేకపోతే ఈ ఒక్క పదానికి ద్వీపం ఎందుకు అడ్డొస్తుంది? 1994లో భాషాశాస్త్రవేత్త త్సాయ్ నామాల్లాంటి ప్రశ్నపదాలకు ముడి చాలన్నారు. అది ఒప్పుకుంటాను. దాంతో 'ఎందుకు' సమస్య తీరదు.

సీతమ్మధార లెక్చరర్:
బాగుంది. మరి 'ఎప్పుడు రాసిన పుస్తకం కొన్నావు?' అంటే ఇబ్బంది లేదే, అదీ క్రియావిశేషణమేగా?

గాజువాక రీసెర్చ్ స్కాలర్:
'ఎప్పటినుంచి', 'ఎక్కడికి' అంటాం మేడమ్, అవి నామాల్లా విభక్తులు తీసుకుంటాయి. చైనీస్‌లోనూ 'ఎప్పుడు', 'ఎక్కడ' ద్వీపం దాటేస్తాయి. మనం చూసినవాటిలో ఆగిపోయేది కారణం అడిగే పదమే.