టిడ్లీవికీ, సింక్‌థింగ్: కాన్‌ఫ్లిక్ట్ ఫైలు రాకుండానే నోట్లు మాయం

రైలుబోగీ:

నాది ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా ఉండే టిడ్లీవికీ (బ్రౌజరులో నోట్లు రాసుకునే సాధనం). సైజు 14 ఎంబీ, దాదాపు 1,900 నోట్లు. దాన్ని సింక్‌థింగ్ (పరికరాల మధ్య ఫైళ్లను ఒకేలా ఉంచే ప్రోగ్రాం) ఫోల్డరులో పెట్టి మూడు చోట్ల వాడుతున్నాను: ఇంట్లో లినక్స్ ల్యాప్‌టాప్ మీద టిడ్లీడెస్క్‌టాప్‌తో, ఆఫీసులో విండోస్ మీద ఫైర్‌ఫాక్స్, టిమిమితో, ఫోన్లో టిడ్లాయిడ్‌తో (టిడ్లీడెస్క్‌టాప్, టిమిమి, టిడ్లాయిడ్ మూడూ వికీని ఫైలులోకి సేవ్ చేయడానికే). రోజూ రైలు ప్రయాణం, సగం దారి సిగ్నల్ ఉండదు. కాబట్టి ఆఫ్‌లైన్లో రాసుకోవడం కుదిరి తీరాలి.

పొద్దున ఫోన్లో రాసిన నోట్లు మధ్యాహ్నం ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కనిపించాయి. రాత్రికి మూడింటిలోనూ లేవు. కాన్‌ఫ్లిక్ట్ ఫైలు (రెండు చోట్ల మార్పులు ఢీకొంటే సింక్‌థింగ్ విడిగా ఉంచే కాపీ) ఎక్కడా రాలేదు, సింక్‌థింగ్ మాత్రం అన్ని చోట్లా అంతా సరిగ్గా ఉన్నట్టే చూపిస్తోంది. ఫైల్ వెర్షనింగ్ (పాత కాపీలు దాచే ఏర్పాటు) మూడు పరికరాల్లోనూ ‘స్టాగర్డ్’ పెట్టి ఉంది. ఇంటి ల్యాప్‌టాప్‌లో పాత వెర్షన్లు వెతికాను, ఆ నోట్లున్న కాపీ ఒక్కటీ లేదు. ఎలా పోయాయి, ఎక్కడ వెతకాలి, మళ్లీ పోకుండా ఏం చేయాలి?

చెదలమందు:

ఇంటి ల్యాప్‌టాప్‌లో వికీ ముందురోజు రాత్రి నుంచి తెరిచే ఉండి ఉంటుంది. ఈ రకం ఫిర్యాదుల్లో నూటికి తొంభై ఇదే.

టిడ్లీవికీ తెరవగానే ఫైలంతా బ్రౌజరు మెమరీలోకి వెళ్తుంది. ఆ తర్వాత డిస్కు మీద ఉన్న ఫైలు మారినా, తెరిచి ఉన్న ట్యాబుకు ఆ సంగతే తెలియదు. పొద్దున ఫోన్లో రాశారు, సింక్‌థింగ్ ఆ కొత్త ఫైలును ఇంటి ల్యాప్‌టాప్ డిస్కు మీదికి చేర్చింది. రాత్రి మీరు నిన్నటి ట్యాబులోనే ఒక్క ముక్క మార్చారు. ఆటోసేవ్ డిఫాల్టుగా ఆన్‌లో ఉంటుంది కాబట్టి నిన్నటి వికీ మొత్తం, దానికి ఆ ఒక్క ముక్క కలిపి, కొత్త ఫైలు నెత్తిన పడింది.

ఇక కాన్‌ఫ్లిక్ట్ ఎందుకు రాలేదంటారా, సింక్‌థింగ్ లెక్కలో అది కాన్‌ఫ్లిక్టే కాదు. ఒకరి మార్పు ఒకరికి అందకముందే రెండు పరికరాలూ విడివిడిగా ఫైలు మారిస్తేనే దానికి కాన్‌ఫ్లిక్ట్. ఇక్కడ ఫోను మార్పు ల్యాప్‌టాప్‌కు అందింది, దాని *తర్వాత* ల్యాప్‌టాప్ మార్చింది. వరసలో వచ్చిన మామూలు మార్పే కదా అని అందరికీ పంపేసింది.

పోయినవి దొరికే అవకాశం బాగానే ఉంది, కానీ మీరు వెతికిన చోట కాదు. సింక్‌థింగ్ వెర్షనింగ్ బయటి పరికరం నుంచి మార్పు వచ్చినప్పుడే పాత కాపీని దాస్తుంది, సొంత మెషీన్లో మీరే చేసిన మార్పులకు దాయదు. కాబట్టి తప్పు జరిగిన ఇంటి ల్యాప్‌టాప్‌లో సింక్‌థింగ్ దాచిన మంచి కాపీ ఉండదు. ఆ తప్పు ఫైలును అందుకున్న ఫోన్లో, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. అక్కడి ఎస్‌టీవెర్షన్స్ ఫోల్డరు చూడండి. దాని పేరు చుక్కతో మొదలవుతుంది, అందుకని ఫోను ఫైల్ మేనేజరులో ‘దాచిన ఫైళ్లు చూపించు’ ఆన్ చేస్తే తప్ప కనిపించదు.

దొరికిన ఫైలును ఇప్పటి ఫైలు స్థానంలో పెట్టేయకండి, ఈసారి రాత్రి రాసింది పోతుంది. ముందు ఇప్పటి వికీకి ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. తర్వాత వికీని బ్రౌజరులో తెరిచి, పాత ఫైలును మౌసుతో లాగి దాని మీద వదలండి. ఇంపోర్ట్ జాబితా వస్తుంది. ముందు అన్ని టిక్కులూ తీసేయండి. టిడ్లీవికీ నోటును టిడ్లరు అంటుంది. డాలరు గుర్తుతో మొదలయ్యే పేర్లన్నీ అది సొంతానికి వాడుకునే సిస్టమ్ టిడ్లర్లు, వాటి జోలికి పోవద్దు. పోయిన నోట్లకు మాత్రం టిక్ పెట్టండి. అదే పేరుతో నోటు ఇప్పటికే ఉంటే జాబితాలో హెచ్చరిక కనిపిస్తుంది. అలాంటి చోట ప్రివ్యూను ‘డిఫ్’కు మార్చి, తేడా ఏమిటో చూశాకే నిర్ణయించుకోండి.

కుండపెంకు:

పైన చెప్పింది అక్షరాలా నిజం. ఒక్కటి చేరుస్తాను. నిజమైన కాన్‌ఫ్లిక్ట్ ఫైలు వచ్చినప్పుడు కూడా చాలామంది తేదీలు చూసి తికమకపడతారు. ఆ ఫైలు పేరులో తేదీ, సమయం, చివర ఏడు అక్షరాలు ఉంటాయి. ఆ సమయం మీరు ఫైలు సేవ్ చేసినది కాదు, సింక్‌థింగ్ గొడవను గుర్తించినది, అదీ ఆ మెషీన్ గడియారం ప్రకారం. ఏడు అక్షరాలు ఒక పరికరం ఐడీలో మొదటివి. ఇక వికీ లోపల ప్రతి నోటుకూ ‘మాడిఫైడ్’ ఫీల్డు 17 అంకెల్లో ఉంటుంది, అది యూటీసీ (మన టైముకు ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ సమయం). అంటే 20250114043000000 అని ఉంటే మన టైములో జనవరి 14 ఉదయం 10 గంటలు. ఐదున్నర గంటలు కలపకుండా పోలిస్తే కొత్తది పాతదిగా కనిపిస్తుంది.

స్టాగర్డ్ వెర్షనింగ్ మొదటి గంటలో 30 సెకన్లకొకటి, మొదటి రోజు గంటకొకటి, 30 రోజుల వరకు రోజుకొకటి, ఆపైన వారానికొకటి ఉంచుతుంది. 14 ఎంబీ ఫైలుకు, ఆటోసేవ్ ఆన్‌లో ఉంటే, ఫోను స్టోరేజీ చప్పున నిండుతుంది. గరిష్ఠ వయసు డిఫాల్టుగా 365 రోజులు. ఫోన్లో దాన్ని 30కి తగ్గించండి, ల్యాప్‌టాపుల్లో అలాగే ఉండనివ్వండి.

డాట్‌టిడ్:

ఒకే ఫైలు అన్నంతకాలం ఈ బాధ తప్పదు. నోడ్ జేఎస్ పద్ధతికి (వికీని కంప్యూటరులో చిన్న సర్వరుగా నడపడం) మారండి, నోటుకో ఫైలు అవుతుంది. టిడ్లీవికీ ఆదేశానికి ‘లోడ్’ ఆప్షనుతో పాత హెచ్‌టీఎంఎల్ ఫైలును, ‘సేవ్ వికీ ఫోల్డర్’ ఆప్షనుతో కొత్త ఫోల్డరు పేరును ఇస్తే అదే విడగొట్టి పెడుతుంది. ఇక్కడ చాలామంది దెబ్బతినేది ఒకటుంది: అలా వచ్చిన ఫోల్డరులోని టిడ్లీవికీ ఇన్ఫో ఫైలులో టిడ్లీవెబ్, ఫైల్‌సిస్టమ్ అనే రెండు ప్లగిన్ల పేర్లు ఉండవు, మనమే చేర్చాలి. చేర్చకపోయినా సర్వరు లేస్తుంది, పేజీ తెరుచుకుంటుంది, రాయనిస్తుంది కూడా. డిస్కు మీదికి మాత్రం ఏదీ వెళ్లదు.

ఆపైన ఫోల్డరును గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే సాధనం) పెట్టండి. వేర్వేరు నోట్లు మారితే వాటంతటవే కలుస్తాయి.

చెదలమందు:

@డాట్‌టిడ్ గారూ, ఆయనకు రైల్లో సిగ్నల్ లేదు. సర్వరు ఇంట్లో ఉంటే ఫోను దాన్ని ఎలా అందుకుంటుంది? ట్యాబు తెరిచి ఉంచితే మార్పులు మెమరీలో ఆగి, సర్వరు దొరికాక వెళ్తాయి, నిజమే. కానీ ఆండ్రాయిడ్ వెనకున్న ట్యాబును ఎప్పుడు చంపుతుందో ఎవరికీ తెలియదు. చంపితే అందులో ఉన్నవి గంగలో కలిసినట్టే.

పైగా రెండు ల్యాప్‌టాపుల్లోనూ సర్వరు నడుపుతూ, మధ్యలో సింక్‌థింగ్ గానీ గిట్ గానీ ఫోల్డరును మారిస్తే, నడుస్తున్న సర్వరు ఆ మార్పును చూడదు. మొదలైనప్పుడు ఒక్కసారే ఫైళ్లన్నీ చదువుకుంటుంది. సింక్ అయ్యాక రీస్టార్ట్ చేయాల్సిందే. ఒకే ఫైలులో లాగా మొత్తం తుడిచిపెట్టదు, మార్చిన నోటును మాత్రమే రాస్తుంది, అంతవరకు మేలు.

డాట్‌టిడ్:

ఒప్పుకుంటాను, ఫోన్లో రాయాలంటే ఇది సరిపోదు. చదువుకోవడానికైతే అదే ఫోల్డరు నుంచి ‘బిల్డ్ ఇండెక్స్’ ఇచ్చి ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలు తీసి ఫోనుకు పంపుకోవచ్చు. గిట్ వాడేవాళ్లు రెండు సంగతులు చూసుకోవాలి. తెరిచి ఉన్న నోట్ల జాబితా ‘స్టోరీలిస్ట్’ అనే టిడ్లరులో ఉంటుంది, ఒక నోటు తెరిచినా మూసినా అది మారుతుంది. దాన్ని గిట్ ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) వేయండి. రెండోది, ఒకే నోటును రెండు చోట్ల మారిస్తే, మీరు మార్చిన పేరాలు వేర్వేరు అయినా ‘మాడిఫైడ్’ వరస దగ్గర కాన్‌ఫ్లిక్ట్ ఖాయం, ఎందుకంటే ఆ వరస రెండు వైపులా మారి ఉంటుంది. పెద్ద అంకె ఉన్నదాన్ని ఉంచితే చాలు.

ఉత్తరాలపెట్టె:

ఇంత యంత్రాంగం అక్కర్లేదు. ఒక ఫైలులో ఒకే పరికరం రాయాలి, అంతే. ఫోనుకు విడిగా ఒక చిన్న ఖాళీ వికీ పెట్టండి, ‘జేబు’ అనో మరోటనో పేరు పెట్టుకోండి. రైల్లో రాసేవన్నీ అందులోకే.

సింక్‌థింగ్‌లో రెండు ఫోల్డర్లు చేయండి. అసలు వికీ ఉన్న ఫోల్డరుకు ఫోన్లో ‘రిసీవ్ ఓన్లీ’ పెట్టండి. పొరపాటున ఫోన్లో దాన్ని మార్చినా అది బయటికి పోదు, ‘రివర్ట్ లోకల్ ఛేంజెస్’ అనే బటన్ వస్తుంది, నొక్కితే ఫోన్లో చేసిన మార్పు పోయి అసలుది వస్తుంది. జేబు ఫోల్డరుకు ఫోన్లో ‘సెండ్ ఓన్లీ’, ల్యాప్‌టాపుల్లో ‘రిసీవ్ ఓన్లీ’. ఇంటికొచ్చాక జేబు ఫైలును లాగి అసలు వికీ మీద వదిలితే సరి, పైన చెప్పిన ఇంపోర్ట్ జాబితానే వస్తుంది. తీసుకున్న నోట్లను ఆ తర్వాత ఫోన్లోనే తుడిచేయండి. తుడవకపోతే మరునాడు అవే నోట్లు మళ్లీ జాబితాలోకి వచ్చి, ఇంట్లో సరిదిద్దిన వాటి మీద పాతవి పడతాయి.

జర్నల్ బటన్ వాడేవాళ్లు ఇది మరవద్దు. దాని పేరు డిఫాల్టుగా తేదీ ఒక్కటే. ఫోన్లో ఒక ‘14వ తేదీ’, ఇంట్లో ఒక ‘14వ తేదీ’ ఉంటే ఇంపోర్ట్‌లో ఒకటి రెండోదాన్ని మింగేస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లో కొత్త జర్నల్ పేరు ఫార్మాటుకు గంట, నిమిషం చేర్చండి.

ఇల్లు, ఆఫీసు ల్యాప్‌టాపుల మధ్య మాత్రం అలవాటే దిక్కు: లేచేముందు ట్యాబు మూయాలి, కూర్చున్నాక సింక్ పూర్తయిందో లేదో చూసి తెరవాలి. సింక్‌థింగ్ ఫైలు మారాక దాదాపు 10 సెకన్లు ఆగి పంపుతుంది, సేవ్ చేసిన వెంటనే మూత మూసేస్తే మార్పు ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోతుంది. రెండు పరికరాలూ ఒకే సమయంలో ఆన్‌లో ఉంటే తప్ప ఏదీ కదలదు. ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటరు ఎప్పుడూ ఆన్‌లో ఉంటే ఆ బెడద పోతుంది.

ఫోన్లో పాత అధికారిక సింక్‌థింగ్ యాప్ ఉందేమో చూసుకోండి. దాని అభివృద్ధి 2024 డిసెంబరులో ఆగిపోయింది. సింక్‌థింగ్-ఫోర్క్‌కు మారి, దానికి బ్యాటరీ ఆప్టిమైజేషన్ ఆపేయండి.

కుండపెంకు:

అలవాటు మీద నమ్మకం లేనివాళ్లకు వెబ్‌డావ్ (సర్వరు మీది ఫైళ్లను వెబ్ ద్వారా తెరిచి రాసే పద్ధతి) ఉంది. వికీని వెబ్‌డావ్ సర్వరు నుంచి తెరిస్తే, టిడ్లీవికీ ఆ ఫైలు ఈట్యాగ్‌ను (సర్వరు ఇచ్చే వెర్షను గుర్తు) గుర్తుపెట్టుకుని, సేవ్ చేసేటప్పుడు ‘ఇదే వెర్షను ఉంటేనే రాయి’ అని అడుగుతుంది. ఫైలు మారి ఉంటే సర్వరు 412 అని తిప్పికొడుతుంది, తెర మీద హెచ్చరిక వస్తుంది, పాత ట్యాబు కొత్త ఫైలును చెడగొట్టలేదు. కానీ అన్ని వెబ్‌డావ్ సర్వర్లూ ఆ షరతును పట్టించుకోవు. నమ్మేముందు పరీక్షించండి: ఒకే వికీని రెండు ట్యాబుల్లో తెరిచి, మొదటిదాంట్లో సేవ్ చేసి, తర్వాత రెండోదాంట్లో సేవ్ చేయండి. రెండోది కిక్కురుమనకుండా సేవైతే ఆ సర్వరు పనికిరాదు.

వికీని గిట్‌హబ్ సైటులోకి సేవ్ చేసే గిట్‌హబ్ సేవరుకు ఈ కాపలా లేదు. సేవ్ చేసే క్షణంలో ఉన్న వెర్షను గుర్తును అడిగి తెచ్చుకుని దాని మీదే రాసేస్తుంది. కాకపోతే పాతవన్నీ కమిట్ల చరిత్రలో ఉంటాయి, వెనక్కి తీసుకోవచ్చు.

(ఇన్ని రకాల సేవర్లు ఎందుకంటే, ఒకప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో టిడ్లీఫాక్స్ ఉంటే నేరుగా ఫైలు మీదే సేవయ్యేది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా యాడ్ఆన్లను ఆపేశాక తలా ఒక దారి వెతుక్కున్నారు.)

సున్నాపొల్లు:

తెలుగులో పేర్లు పెట్టేవాళ్ల కోసం. నోట్ల పేర్లు తెలుగులో ఉండి, డాట్‌టిడ్ గారు చెప్పినట్టు నోటుకో ఫైలు చేస్తే, పేరు పొడవు చూసుకోవాలి. లినక్స్‌లో మామూలుగా ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు. తెలుగు కోడ్ పాయింటు (హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు లాంటి విడి గుర్తు) ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు. ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరమే, లోపల స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరు, అంటే 18 బైట్లు. ఎక్స్‌టెన్షను 4 బైట్లు, సింక్‌థింగ్ కాన్‌ఫ్లిక్ట్ తోక 38 బైట్లు తీసేస్తే మిగిలేది 71 కోడ్ పాయింట్లు. ఈ-క్రిప్ట్‌ఎఫ్‌ఎస్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డరైతే మొత్తం హద్దే 143 బైట్లు, ఒక మోస్తరు వాక్యం కూడా పట్టదు.

ఒకే ఫైలు వాడినా తప్పనిది ఇంకోటి. కొన్ని కీబోర్డులు పొల్లుతో ముగిసే మాట చివర కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను వదులుతాయి. ఫోన్లో రాసిన ‘నోట్స్’, ల్యాప్‌టాప్‌లో రాసిన ‘నోట్స్’ కంటికి ఒకటే, టిడ్లీవికీకి రెండు వేర్వేరు పేర్లు. లింకు నొక్కితే ‘అలాంటి నోటు లేదు’ అంటుంది, ఇంపోర్ట్‌లో హెచ్చరిక కూడా రాదు. అనుమానం వస్తే పేరు చివర కర్సరు పెట్టి ఎడమ బాణం నొక్కండి. ఒక నొక్కుకు కర్సరు కదలకపోతే అక్కడ అది కూర్చుని ఉన్నట్టే. కదిలినంత మాత్రాన లేదనుకోవద్దు, కొన్ని చోట్ల కర్సరు దాన్ని ముందున్న అక్షరంతో కలిపే దాటుతుంది.

రైలుబోగీ:

ఫోన్లో దాచిన ఫైళ్లు చూపించమంటే ఎస్‌టీవెర్షన్స్ బయటపడింది, ఆరోజు మధ్యాహ్నం కాపీ అందులో ఉంది. టిక్కులన్నీ తీసి 11 నోట్లు తెచ్చుకున్నాను. ‘జేబు’ పద్ధతికి మారుతున్నాను. ఒక్క సందేహం: రైల్లో ఫొటోలు కూడా తీసి నోట్లో పెడుతుంటాను, అవి ఎలా?

ఉత్తరాలపెట్టె:

నోట్లోకి నేరుగా లాగితే ఫొటో బేస్64గా (బొమ్మను అక్షరాల్లో రాసే పద్ధతి) మారి సైజు మూడో వంతు పెరుగుతుంది, 3 ఎంబీ ఫొటో 4 ఎంబీ అవుతుంది. ప్రతి సేవ్‌కూ ఆ బరువంతా మళ్లీ రాయాలి, మళ్లీ పంపాలి. మీ 14 ఎంబీలో సగం ఇవే అయ్యుంటాయి. జేబు ఫోల్డరులోనే ‘బొమ్మలు’ అని ఒక ఫోల్డరు పెట్టి ఫొటోలు అక్కడ ఉంచండి. వికీలో వాటికి టిడ్లరు చేసి, టైపు జేపెగ్ అని ఇచ్చి, బొమ్మ ఎక్కడుందో చెప్పే కెనానికల్ యూఆర్ఐ ఫీల్డులో ఫోల్డరు పేరు, ఫైలు పేరు మాత్రమే రాయండి, ఫోన్లోని పూర్తి దారి రాయొద్దు. ఆ ఫీల్డు పేరు ముందు అండర్‌స్కోర్ ఉంటుంది, అది మరిస్తే బొమ్మ రాదు. ఇంట్లో ఇంపోర్ట్ చేసినప్పుడు ఫొటోలను కూడా అసలు వికీ పక్కనున్న ‘బొమ్మలు’లోకి కాపీ చేయాలి, అవి వాటంతటవి రావు.