సన్నటి రక్తనాళాల సర్జరీకి కొత్తవాళ్ల చెయ్యి కుదిరేదెలా?

రాయగడ ఓటీ:
మా ఆపరేషన్ థియేటర్‌కి (ఓటీ) ఇద్దరు సిస్టర్లు కొత్తగా వచ్చారు. మైక్రోస్కోప్ కింద అసిస్ట్ చెయ్యడం నేర్పాలి. చెయ్యి వణుకుతోంది, దారం కత్తిరించబోయి ముడే కోసేస్తున్నారు. దేనితో మొదలుపెట్టించాలి?

బరంపురం సీనియర్:
వణుకు చాలావరకు మోచెయ్యి గాల్లో ఉండటం వల్లేనండీ. స్టూలు ఎత్తు సరిచేసి, మోచేతి నుంచి చిటికెనవేలి అంచు దాకా బల్లకి ఆనించమనండి. మణికట్టు కింద మడిచిన తువ్వాలు. ఫోర్సెప్స్ (సన్నటి పట్టకారు) పెన్సిల్ పట్టినట్టు పట్టాలి, కదిలేవి వేళ్లే. ఫోకస్ ఎక్కువ పవర్లో సరిచేసుకుని, తరవాత 6 రెట్లకి దించాలి. అప్పుడు మళ్లీ పవర్ పెంచినా బొమ్మ మసకబారదు.

మొదట బిగించిన గ్లవ్ ముక్కకి గాటు పెట్టి 8-0 సైజు దారంతో కుట్టించండి, చెయ్యి ఆగాక ఇంకా సన్నటి 10-0. సూదిని మధ్యకి కాస్త వెనక పట్టాలి. మొన పట్టారా, వంగిపోతుంది.

పర్లాకిమిడి సిస్టర్:
కుట్టు నేర్పడం సరే గానీ, అసిస్టెంటుకి ముందు కావలసింది కత్తెర, నీళ్లు (అంటే సెలైన్). ముడి తెగేది కత్తెర కింది బ్లేడు కనబడకుండానే మూసేస్తే. రెండు మొనలూ కనబడ్డాకే మూయమనండి.

నీళ్లకి 2 మి.లీ. సిరంజి, సూది తీసేసిన 24 గేజ్ క్యాన్యులా (సన్నటి ప్లాస్టిక్ గొట్టం). బొట్టు బొట్టుగా పక్కనుంచి. సూటిగా చిమ్మితే నాళం అంచులు కదిలిపోతాయి. అసలు వెయ్యకపోతే దారం ఎండి ఫోర్సెప్స్‌కి అంటుకుంటుంది. తడి తీసేటప్పుడు స్పాంజి ఆనించి తీయాలి, రుద్దకూడదు. గాజ్ (పల్చటి కట్టుగుడ్డ) వద్దు, నూలుపోగు నాళంలోకి పోతే అక్కడే రక్తం గడ్డకడుతుంది. నాళం లోపలి పొరని ఫోర్సెప్స్‌తో పట్టినా అదే గతి.

ఇంకోటి, మీ దగ్గర సగంమంది ఒడియా, సగంమంది తెలుగు. ‘పాణి’ అంటారో ‘నీళ్లు’ అంటారో ముందే ఒక్కటి ఖాయం చేసుకోండి. సర్జన్ మైక్రోస్కోప్ కంటిముక్క మీంచి కళ్లు తియ్యరు, మీరేమో ఆలోచిస్తూ ఆగిపోతారు!

రాయగడ ఓటీ:
గ్లవ్ తరవాత నిజమైన నాళం దేనిమీద సార్? 10-0 ఖరీదు కదా.

బరంపురం సీనియర్:
కోడి తొడ. కొట్టువాణ్ణి ముక్కలు కొట్టకుండా కాలు నిండుగా ఇమ్మనండి. కండల మధ్య తెల్లటి నరం పక్కనే ధమని, 1–2 మి.మీ. లావు. కింద రంగు ప్లాస్టిక్ ముక్క పరిస్తే దారం కనబడుతుంది. తేదీ దాటిన 10-0 ప్యాకెట్లు వాడుకోవచ్చు, ‘ప్రాక్టీసు’ అని రాసి విడిగా పెట్టండి. కోడి మీద వాడిన ఫోర్సెప్స్ థియేటర్ ట్రేలోకి రానేకూడదు.