1942 లిత్‌గో ఎన్‌ఫీల్డ్: బట్ ఊగుతోంది, బ్యారెల్ తుప్పు పట్టింది

శ్రీను_సిడ్నీ: మా ఆవిడ తాతగారి .303 రైఫిల్ ఇప్పుడు నా పేరు మీద రిజిస్టర్ అయింది. నంబర్ 1 మార్క్ 3 స్టార్, ఆస్ట్రేలియాలోని లిత్‌గో ఫ్యాక్టరీ తయారీ. ఫోరెండ్ (బ్యారెల్ కింది చెక్క) అంచు వెంట బ్యారెల్‌కి ఎర్ర తుప్పు, చెక్క ఎండిపోయింది, బట్ (భుజానికి ఆనించే వెనక చెక్క) కాస్త ఊగుతోంది. దాన్ని పట్టి ఉంచే బట్ బోల్ట్ బిగించి వార్నిష్ కొట్టేస్తే సరిపోతుందా?

పాత_ఇనుము: బట్ బోల్ట్ ఇప్పుడే ముట్టుకోకండి! దాని కొస నలుచదరంగా ఉండి, ఫోరెండ్ వెనక చివర బిగించిన పలకలో కూర్చుంటుంది. ఫోరెండ్ ఉండగా తిప్పారంటే చెక్క నిలువునా చీలుతుంది. కొన్నిటికి ఆ పలక ఉండదు కానీ బయటినుంచి తెలియదు, ఉందనే అనుకోండి.

మేగజైన్, తూటాని లోపలికి తోసే బోల్ట్ (బట్ బోల్ట్ కాదు) తీసి, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీయేనని కంటితోనూ వేలితోనూ చూసుకోండి. తర్వాత మూతి దగ్గరి నోస్ క్యాప్, బయటి బ్యాండ్, బ్యారెల్ మీది చెక్క హ్యాండ్‌గార్డులు తీయండి. ఫోరెండ్ అడుగున లోపలి బ్యాండ్‌ని పట్టుకున్న చిన్న స్క్రూ ఉంటుంది, దాని వెంట స్ప్రింగ్. అది తీయకపోతే ఎంత లాగినా చెక్క రాదు. ఆఖరున ట్రిగ్గర్ గార్డ్ స్క్రూలు. ముందు స్క్రూ దగ్గరి చిన్న గొట్టం పారేసుకోవద్దు, అది లేకుండా బిగిస్తే చెక్క నలిగిపోతుంది. ఫోరెండ్‌ని మూతి వైపు పట్టుకుని వంచితే వెనక మూలలు విరుగుతాయి. రెండు చివర్లూ సమంగా కిందికి దించాలి. ఆ మూలల్లో రాగి పలకలుంటే తీయకండి, లిత్‌గో వాళ్లు కావాలనే పెట్టారు.

ఇప్పుడు బట్ ప్లేట్ మూత తెరిచి, తోలు ముక్క తీసి, పొడుగాటి స్క్రూడ్రైవర్‌తో బట్ బోల్ట్ బిగించండి. నలుచదరపు కొస పలకలోకి దిగేలా తిన్నగా నిలవాలి.

నూనె_గుడ్డ: తుప్పుకి గరుకు కాగితం వద్దండీ, ముద్రలూ నలుపూ రెండూ పోతాయి. నాలుగు సున్నాల స్టీల్ ఊల్, పల్చటి నూనె, చెయ్యి తేలిగ్గా. పాత సైనిక తూటాలు కాలిస్తే తూటా వెనక క్యాప్ మందులోని క్లోరేట్ వల్ల బోర్‌లో (బ్యారెల్ లోపలి రంధ్రంలో) ఉప్పు మిగిలి తేమ లాగుతుంది. నూనెకి ఆ ఉప్పు కరగదు. ముందు వేడినీళ్లు పోసి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె. రాడ్ ఛాంబర్ వైపునుంచే దూర్చాలి, మూతి అంచు అరిగితే గురి పోతుంది.

పాత_ఇనుము: వార్నిష్ వద్దే వద్దు. పచ్చి అవిసె నూనె పల్చగా పట్టించి, అరగంటాగి తుడిచేయండి. ఫోరెండ్ లోపలి గాడికీ పట్టించాలి, తేమ అక్కడినుంచే ఎక్కేది. నూనె గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి, నీళ్లలో ముంచి పారేయండి. కాల్చే ముందు బోల్ట్ నంబర్ రిసీవర్ (బోల్ట్ కదిలే ఇనుప భాగం) నంబర్‌తో సరిపోల్చండి. హెడ్‌స్పేస్ (బోల్ట్ ముఖానికీ తూటా అంచు ఆనే చోటికీ మధ్య ఖాళీ) .064 నుంచి .074 అంగుళాల మధ్య ఉందో లేదో గన్‌స్మిత్‌తో గేజ్ పెట్టించి చూడండి.