అప్‌డేట్: పోతోఫ పేరు తెలిసింది, చారు కూడా తేటగా వచ్చింది

ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో మా పక్కింటి పెద్దావిడ పెట్టిన గొడ్డుమాంసం వంటకం పేరు ‘పోతోఫ’కు అర్థమేమిటని, నేను వండితే దాని చారు ఎందుకు మడ్డిగా వస్తోందని రెండు వారాల క్రితం అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

పేరుకు అర్థం ‘నిప్పు మీది కుండ’. కుండను ఫ్రెంచివారు విడిగా ‘పో’ అనే అంటారు, చివరి తకారం వినిపించదు. ఈ పేరులో మాత్రం తర్వాతి అచ్చుతో కలిసి పలుకుతుంది. మన సంధి గుర్తొచ్చి ఎంత సంతోషించానో! వంటకానికి మాంసం పేరు కాకుండా పొయ్యి మీది కుండ పేరు పెట్టడం నాకు చాలా నచ్చింది.

నేను చేసిన తప్పు పెద్ద మంట. ఈసారి పిక్క మాంసం, భుజం మాంసం చన్నీళ్లలో వేసి, పైకి తేలిన తెట్టు ఓపికగా తీశాను. లవంగాలు గుచ్చిన ఉల్లిపాయ వేసి, కుండ అంచున ఒకటి రెండు బుడగలు మాత్రమే లేచేంత సెగ మీద నాలుగు గంటలు ఉంచాను. క్యారెట్, టర్నిప్, లీక్ (లావుపాటి ఉల్లికాడలాంటి కూర) చివరి గంటలోనే వేశాను. బంగాళాదుంపలు విడిగా ఉడికించాను, లేకపోతే వాటి పిండి చారులో కలుస్తుంది.

ముందు చారు తాగాం. తర్వాత మాంసం, ఆవాల ముద్ద, కల్లుప్పు. మూలుగను కాల్చిన రొట్టె మీద రాసుకుని తిన్నాం. పక్కింటావిడ రెండోసారి వడ్డించమన్నారు.