మహాబలిపురం సాయంత్రం నడక: లైట్‌హౌస్, రథాలు, తీరంలో గుడి, ఏది ముందు ఏది తర్వాత?

ప్రశ్న: నెల్లూరు_బాట

అందరికీ నమస్కారం. డిసెంబరులో చెన్నై పని మీద వస్తున్నాం. ఒక పూట ఖాళీ దొరుకుతుంది. మధ్యాహ్నం రెండున్నరకి మహాబలిపురంలో ఉంటాం, రాత్రి ఎనిమిదికి తిరుగు బస్సు ఎక్కాలి. అర్జున తపస్సు, లైట్‌హౌస్, పంచ రథాలు, షోర్ టెంపుల్, ఆ తర్వాత బీచ్ నడిచే చూడాలని ఉంది. నెట్‌లో అందరూ ముందు షోర్ టెంపుల్‌కే వెళ్లమంటున్నారు. అది సరైన వరుసేనా? వెంట అమ్మ ఉంటుంది, మోకాళ్ల నొప్పులు. కెమెరా కూడా తెస్తున్నాం.

జవాబు: రాతిగీత

పొద్దున వచ్చేవాళ్లకు ఆ వరుస బాగానే ఉంటుంది. సాయంత్రానికి మాత్రం తిరగేయాలండీ. ఇక్కడ ఏ శిల్పం ఎటు తిరిగి ఉందో తెలిస్తే వరుస దానంతటదే తేలుతుంది.

అర్జున తపస్సు అనే పెద్ద బండ శిల్పం తూర్పు ముఖం. కొండ మీది మహిషమర్దిని గుహ కూడా తూర్పు ముఖమే. మధ్యాహ్నం దాటాక రెండూ నీడలో ఉంటాయి. పంచ రథాలంటే బండల్లోంచి చెక్కిన అయిదు గుళ్లు. వాటిలో ద్రౌపది, అర్జున, భీమ, ధర్మరాజ రథాలు నాలుగూ పడమర చూస్తాయి. నకుల సహదేవ రథం ఒక్కటే దక్షిణానికి తిరిగి ఉంటుంది. అంటే సాయంత్రపు ఎండ నేరుగా పడేది రథాల మీదే. డిసెంబరులో సూర్యుడు నైరుతి వైపు దిగుతాడు కాబట్టి ఆ అయిదోదానికీ వెలుగు అందుతుంది.

నేనైతే ఇలా వేస్తాను: రెండున్నరకి అర్జున తపస్సు, మూడుకి కొండ, మూడున్నరకి లైట్‌హౌస్, నాలుగుంపావుకి రథాలు, అయిదుంపావుకి షోర్ టెంపుల్. గుడి ఆవరణ ఆరింటికి మూసేస్తారు. టికెట్ల కిటికీ అంతకన్నా ముందే మూతపడుతుంది, కాబట్టి అయిదున్నర దాటకుండా లోపల ఉండండి. రథాలకూ షోర్ టెంపుల్‌కూ ఒకే టికెట్, అదే రోజు చెల్లుతుంది. రథాల దగ్గర కొన్న చీటీ పారేసి గుడి గేటు దగ్గర మళ్లీ కొనేవాళ్లు చాలామంది. జేబులో భద్రంగా పెట్టుకోండి.

డిసెంబరులో సూర్యాస్తమయం దాదాపు 5.45కి. గేటు మూసేలోపే అస్తమయం చూసేస్తారు. ఇదే మే, జూన్ అయితే ఆరున్నర దాటాకే పొద్దు గుంకుతుంది, ఎండ తగ్గకముందే బయటికి పంపేస్తారు. పైగా రాయి కాలిపోతుంటుంది. సాయంత్రం నడకకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉన్నంత సుఖం మరెప్పుడూ ఉండదు. నవంబరులో వాన ముసుర్లు మాత్రం చూసుకుని బయల్దేరాలి.

రథాల దగ్గర తొందరపడొద్దు. భీమ రథం కింది భాగం చూడండి, పని పూర్తికాలేదు. ఒకే బండను పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారు కాబట్టి పైకప్పు నునుపుగా ఉంటుంది, కింద మొరటుగా మిగిలిపోయింది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఈ తేడా కంటికి ఆనదు. నాలుగున్నర ఎండ ఏటవాలుగా పడితే ఉలి దెబ్బలు ఒక్కొక్కటీ నీడతో సహా లేచి కనబడతాయి. అర్జున రథం వెనక్కి, అంటే తూర్పు వైపు, వెళ్లడం మరవకండి. నంది అక్కడే ఉంది, చాలామంది చూడకుండానే వెళ్లిపోతారు. మరీ అయిదు దాటనిస్తే పడమటి వైపు చెట్ల నీడలు రథాల మీదికి వచ్చేస్తాయి, ఫొటో పోయినట్టే.

జవాబు: దీపపు_మెట్టు

వరుస విషయంలో రాతిగీత గారితో నాదీ అదే మాట. లైట్‌హౌస్ గురించి కొంచెం కలుపుతాను.

లైట్‌హౌస్ ఆర్కియాలజీ వాళ్లది కాదు. కేంద్ర ఓడరేవుల శాఖ కింద ఉన్న లైట్‌హౌసుల డైరెక్టరేట్‌ది. అందుకే టికెట్ వేరు, వేళలు వేరు, సెలవు రోజూ వేరు కావచ్చు. రథాల చీటీ అక్కడ చూపిస్తే లాభం లేదు. అడుగున మ్యూజియం కూడా ఉంది. ముందుగా గేటు బోర్డు మీద వేళలు చూసుకుని మిగతా నడకను దానికి తగ్గట్టు జరుపుకోండి. ఇది ఓడలకు ఇప్పటికీ దీపం చూపిస్తున్న కట్టడం. భద్రత కారణాలతో 2001లో మూసి 2011లో మళ్లీ తెరిచిన చరిత్ర ఉంది. పైన ఎటు ఫొటో తీయొద్దంటే అటు తీయకండి, కాపలా వాళ్లతో వాదన దండగ.

గోపురం గుండ్రంగా, రాతితో కట్టింది, ఎత్తు దాదాపు 26 మీటర్లు. కొండ మీద కట్టారు కాబట్టి అంత పొడవు అవసరం పడలేదు. లోపల గుండ్రంగా తిరిగే మెట్లు. పైకి పోయేకొద్దీ ఇరుకు. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఎదురుపడితే ఒకరు ఆగాల్సిందే. వీపు సంచీ ముందుకు వేసుకోండి.

పైనుంచి తూర్పున షోర్ టెంపుల్, సముద్రం. పడమట బకింగ్‌హామ్ కాలువ, దాని వెంట నీటి మడుగులు. మన పెదగంజాం నుంచి దక్షిణంగా వచ్చే కాలువే ఇది, ఒకప్పుడు పడవలు చెన్నై దాటి ఇక్కడి మీదుగా మరక్కాణం దాకా పోయేవి. మూడున్నర నాలుగు మధ్య సూర్యుడు పడమటికి వాలి ఉంటాడు కాబట్టి గుడి వైపు తీసే ఫొటో చక్కగా వస్తుంది, కాలువ వైపు తీస్తే వెలుగు కళ్లలో కొడుతుంది.

ఇక అసలు పాత లైట్‌హౌస్ ఇది కాదు, పక్కనే ఉన్న గుడి. మహిషమర్దిని గుహ నెత్తి మీద ఒలక్కణ్ణేశ్వర ఆలయం అని ఉంది. పల్లవుల కాలం నాటిది, శిఖరం ఎప్పుడో పోయింది. 1887లో ఆ గుడి కప్పు మీదే దీపం పెట్టారు. ఇప్పటి గోపురం 1904లో పనిలోకి వచ్చింది. రెండింటినీ ఒకే చట్రంలో పట్టాలంటే గుహ ముందు కొంచెం తూర్పుకి దిగి నిలబడి పైకి చూడండి.

గుహలో కుడివైపు గోడ మీద సింహం ఎక్కి విల్లు లాగుతున్న దుర్గ, ఎదురుగా దున్న తలతో వెనక్కి తగ్గుతున్న మహిషుడు. ఎడమవైపు గోడ మీద శేషశయనుడు, పాదాల వైపు గదలతో మధుకైటభులు. ఉండవల్లిలో పడుకున్న విష్ణువును చూసినవాళ్లు ఈ ఎడమ గోడ ముందు కాసేపు ఆగుతారు.

ఒక్కచోట మాత్రం తేడా. అర్జున తపస్సు నీడలో ఉందని తక్కువ చేయొద్దు. ఫొటోకి చప్పగా ఉంటుంది నిజమే, కంటికి మాత్రం హాయి. పొద్దున ఎండలో రాయి మెరుస్తుంది, చిన్న బొమ్మలు మాయమవుతాయి. దాదాపు 27 మీటర్ల పొడవు, 9 మీటర్ల ఎత్తు ఉన్న పనిలో పెద్ద ఏనుగులనే చూసి వెళ్లిపోతారు జనం. ఆ ఏనుగు దంతాల దగ్గరే కింద ఒక పిల్లి వెనక కాళ్ల మీద నిలబడి, ముందు కాళ్లు నెత్తికెత్తి తపస్సు చేస్తుంటుంది, చుట్టూ ఎలుకలు. ఆ దొంగ జపం నీడలోనే బాగా కనబడుతుంది.

నెల్లూరు_బాట

ఇద్దరికీ ధన్యవాదాలండీ. అమ్మ కొండ ఎక్కగలదా? లేకపోతే ఆవిడని ఎక్కడ కూర్చోబెట్టాలి? ఇంకోటి, రథాల నుంచి గుడికి ఇసుక మీదుగా సముద్రం పక్కనే నడిచి వెళ్లొచ్చా?

జవాబు: రాతిగీత

అమ్మగారిని కొండ మీదికి తేవద్దు. మెట్లు బండలోనే తొలిచినవి, ఒకటి జానెడు, ఒకటి మోకాలెత్తు, పట్టుకోవడానికి చాలాచోట్ల ఏమీ ఉండదు. జనం నడిచి నడిచి రాయి నున్నబడింది. వాన తుంపర పడితే కుర్రాళ్లే జారతారు. చెప్పులు అడుగు అరిగినవి అసలు వద్దు. అర్జున తపస్సు రోడ్డు పక్కనే కాబట్టి ఆవిడ అది చూస్తారు. పక్కనే కృష్ణ మండపం, అక్కడ పాలు పితుకుతున్న గోపాలకుడూ దూడను నాకుతున్న ఆవూ ఉంటాయి, ఆవిడకి నచ్చుతుంది. మీరు కొండ, లైట్‌హౌస్ ముగించి వచ్చేదాకా నీడపట్టున కూర్చోవచ్చు. తర్వాత ఆటోలో రథాలకు.

రథాల ఆవరణలో ఇసుక, మెల్లగా నడవాలి. షోర్ టెంపుల్‌లో గేటు నుంచి గుడి దాకా చదునైన బాట ఉంది, దూరమే గానీ కష్టం కాదు.

ఇసుక దారి ఆలోచన మానుకోండి. గుడి చుట్టూ కంచె ఉంది, బీచ్ వైపు నుంచి లోపలికి దారి లేదు. కోత ఆపడానికి సముద్రం వైపు పెద్ద బండరాళ్లు పోశారు, వాటి మీద నడవడం ప్రమాదం. రథాల నుంచి గుడి గేటుకి రోడ్డు మీద సుమారు ఒకటిన్నర కిలోమీటరు. ఆటో ఎక్కేముందే ధర తేల్చుకోండి.

గుడి దగ్గర సముద్రం వైపు పరుగెత్తకండి, సాయంత్రం ఆ పక్క నీడ. పడమటి వైపు నిలబడితే చిన్న విమానం (గర్భగుడి పైన లేచిన శిఖర భాగం) మీదా, ప్రహరీ మీద వరసగా కూర్చున్న నందుల మీదా వెలుగు పడుతుంది. బయటి గోడల బొమ్మల ముఖాలు ఉప్పుగాలికి కరిగి గుర్తుపట్టలేకుండా ఉంటాయి. లోపలి సోమాస్కందుడు, అంటే పార్వతీ బాలస్కందులతో కూర్చున్న శివుడు, వాటికన్నా చాలా స్పష్టంగా మిగిలాడు. కాగితపు గుజ్జు తడిపి రాతికి పట్టించి ఆరనిస్తే ఉప్పును పీల్చుకుంటుంది, ఆర్కియాలజీ వాళ్లు ఆ పని చేస్తుంటారు. ఆవరణలో దక్షిణం వైపు రాతి సింహం ఒకటి ఉంది. వంగి దాని రొమ్ములోకి చూడండి, చిన్న గూడు, అందులో దుర్గ.

జవాబు: అలల_అంచు

ఆరు తర్వాతి సంగతి చెప్తాను. గేటు బయటికి వచ్చి ఉత్తరం వైపు బీచ్‌లోకి దిగండి. గుడి కంచె వెనక నల్లటి ఆకారంగా కనబడుతుంది, కాసేపటికి కొండ మీది లైట్‌హౌస్ దీపం తిరగడం మొదలవుతుంది. ఆ ఇసుకంతా జాలర్ల పడవలు, వలలు. చీకట్లో పడవ తాళ్లు కాలికి తగిలి పడతారు, ఫోను లైటు వేసుకుని నడవండి. వలల మీద అడుగు పెట్టకండి. నీళ్లలోకి మడమలు తడిసేంత మించి దిగొద్దు. ఇక్కడ ఒడ్డు ఉన్నట్టుండి లోతవుతుంది, కిందినుంచి లాగుతుంది, ఈత వచ్చినవాళ్లూ పోయారు.

తేదీ మీ చేతిలో ఉంటే పౌర్ణమి చూసుకోండి. ఆ రోజు ఇటు పొద్దు గుంకే వేళకే అటు సముద్రంలోంచి చంద్రుడు లేస్తాడు. మర్నాటికి ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, అది కూడా మీకు సరిపోతుంది. ఆ పై రోజు అయితే ఎనిమిది బస్సుకి కుదరదు. డిసెంబరు, జనవరి నెలల్లో నాట్యోత్సవం నడిచే రోజుల్లో సాయంత్రం రద్దీ ఎక్కువ, ఆటోలు దొరకవు.

తిండికి ఒత్తవాడై వీధి దగ్గర. చేపలు బరువు తూచి ధర చెప్పాకే పొయ్యి మీద పెట్టనివ్వండి.

రథాల దారిలో విగ్రహాల దుకాణాలు కనబడతాయి. కొనాలనిపిస్తే బరువు ముందు ఆలోచించండి: ఘనపు అడుగు గ్రానైట్ దాదాపు 75 కేజీలు. జానెడు వినాయకుడే చేతిసంచీ తెంపుతాడు. మెత్తని సబ్బురాతిని నల్లరంగు పూసి గ్రానైట్ అని అంటగడుతున్నారేమో అనుమానమొస్తే అడుగున, కనబడని చోట తాళంచెవితో గీకి చూపించమనండి. సబ్బురాయి అయితే తెల్లగా పొడి రాలుతుంది. గ్రానైట్ మీద తాళంచెవి లోహమే గీతగా అంటుకుంటుంది. గీకనివ్వను అన్నవాడి దగ్గర బేరం పెట్టుకోకండి. ఎనిమిది బస్సుకైతే ఏడున్నరకే స్టాండులో ఉండండి, ఆదివారాలు సీటు దొరకదు, అమ్మగారు నిలబడి రాలేరు.